రెండో ఆవేశం సున్నా అయితే బలం కూడా సున్నా రావాలి కదా, మరి దువ్వెన కాగితాన్ని ఎలా లాగుతోంది?

రెండు విద్యుదావేశాల మధ్య బలం ఎంతో చెప్పే కూలుమ్ నియమం గురించి మీరు అడిగినవి మూడు. ఒక వస్తువు మీద ఆవేశాన్ని రెట్టింపు చేస్తే బలం రెండింతలవుతుందా, నాలుగింతలవుతుందా? సూత్రంలో రెండు ఆవేశాలను కూడకుండా ఎందుకు గుణిస్తాం? అసలు ఆవేశమే లేని కాగితం ముక్క తల దువ్విన దువ్వెన వైపు ఎందుకు ఎగురుతుంది, రెండో ఆవేశం దగ్గర సున్నా పెడితే జవాబు సున్నా కదా?

మొదటి రెండూ పరీక్షల్లో వచ్చేవే. మూడోది మాత్రం కూర్చుని ఆలోచించినవాళ్లకే తడుతుంది. ఇంటర్ పిల్లలకు ఈ పాఠం ఏళ్ల తరబడి చెబుతున్నాను. సూత్రం గడగడా ఒప్పజెప్పేవాళ్లు క్లాసు నిండా ఉంటారు, ఈ ప్రశ్న అడిగేవాళ్లు ఎప్పుడో ఒకరు. జవాబు ముందే చెప్పేస్తాను. కూలుమ్ నియమం చెప్పేది ఆవేశాల గురించి, వస్తువుల గురించి కాదు. కాగితం మీద ఆవేశం సున్నా అన్నామంటే అందులో ఆవేశాలు లేవని కాదు, ధనావేశమూ ఋణావేశమూ లెక్క సరిపోయిందని. మిగులు సున్నా, అంతే. బలం మిగులును చూసి పనిచేయదు. లోపలున్న ప్రతి ఆవేశం మీదా విడివిడిగా పనిచేస్తుంది.

గుణకారం సంగతి ముందు తేల్చుకుందాం, మిగతాదంతా దాని మీదే నిలబడుతుంది. కదలకుండా ఉన్న రెండు బిందు ఆవేశాల (అంటే సైజు లెక్కలోకి రానంత చిన్నవాటి) మధ్య బలం వాటి లబ్ధానికి అనులోమానుపాతంలో, మధ్య దూరం వర్గానికి విలోమానుపాతంలో ఉంటుందని పుస్తకంలో ఉంది. ఒక చిన్న రేణువు మీద 3 ఎలక్ట్రాన్లు ఎక్కువగా ఉన్నాయి, కాస్త దూరంలో ఉన్న ఇంకో రేణువు మీద 4 ఎక్కువగా ఉన్నాయి అనుకోండి. ఇటున్న ప్రతి ఎలక్ట్రాన్ అటున్న నాలుగింటినీ నెడుతుంది. మొత్తం 12 జతలు. ఒక్కో జత మధ్య నెట్టుడు ఒకటే కాబట్టి మొత్తం బలం 12 వంతులు. ఇటు మూడును ఆరు చేస్తే 24 జతలు, అంటే రెండింతలు. రెండు వైపులా రెట్టింపు చేస్తే 48 జతలు, నాలుగింతలు. మీ మొదటి ప్రశ్నకు జవాబు ఇదే: ఒకదాన్ని రెట్టింపు చేస్తే రెండింతలు, రెండింటినీ చేస్తే నాలుగింతలు. మూడూ నాలుగూ కూడితే వచ్చే ఏడుకు ఇక్కడ అర్థమే లేదు, ఎందుకంటే మనం లెక్కపెడుతున్నది ఎలక్ట్రాన్లను కాదు, జతలను.

ఇదే లెక్కలో ఇంకో సంగతి కూడా ఉంది. ఆ 12 జతలను ఎటువైపు నుంచి లెక్కపెట్టినా 12 జతలే. కాబట్టి ఒక వస్తువు మీద ఆవేశం వెయ్యింతలు ఎక్కువున్నా ఇద్దరి మీదా బలం సమానం. "పెద్ద ఆవేశం చిన్నదాన్ని ఎక్కువ బలంతో నెడుతుంది" అని రాసి మార్కులు పోగొట్టుకునేవాళ్లు ప్రతి ఏడాదీ కనిపిస్తారు. బలం సమానమే, త్వరణం వేరు. ప్రోటాన్, ఎలక్ట్రాన్ ఒకదాన్నొకటి ఒకే బలంతో లాగుతాయి. ఎలక్ట్రాన్ ద్రవ్యరాశి సుమారు 1836 వంతులు తక్కువ కాబట్టి దాని త్వరణం అన్ని రెట్లు ఎక్కువ.

ఇక దూరం వర్గం. ఫ్రెంచ్ సైన్యంలో ఇంజినీరుగా పనిచేసిన షార్ల్ ఆగస్టిన్ కూలుమ్ 1785లో దీన్ని కొలిచి చూపించాడు. సన్నని వెండి తీగకు ఒక అడ్డపుల్ల వేలాడదీసి, దాని కొసన చిన్న బెండు ఉండ పెట్టాడు. పక్కనే కదలకుండా ఇంకో బెండు ఉండ. రెండింటికీ ఒకే రకం ఆవేశం ఇస్తే అవి నెట్టుకుంటాయి, తీగ మెలిపడుతుంది. ఎంత మెలిపడిందో అదే బలానికి కొలత. మొదటిసారి ఉండల మధ్య ఎడం 36 డిగ్రీల దగ్గర ఆగింది, తీగ మెలిక కూడా 36 డిగ్రీలే. తర్వాత తీగ పైకొసను పట్టి ఉంచే మరను 126 డిగ్రీలు తిప్పి ఉండలను దగ్గరికి తెచ్చాడు. ఎడం 18కి తగ్గింది, మొత్తం మెలిక 126, 18 కలిపి 144. అంటే దూరం సగమైతే బలం సరిగ్గా నాలుగింతలు. మూడోసారి 567 డిగ్రీలు తిప్పితే ఎడం 9 రావాల్సిన చోట ఎనిమిదిన్నర వచ్చింది, మెలిక 575న్నర, అంటే మొదటిదానికి దాదాపు 16 రెట్లు. మూడే మూడు కొలతలు. ఉండల మీది ఆవేశం గాలిలోకి కారిపోతూ ఉండగానే తీసినవి.

మూడు కొలతలతో దూరం మీది ఘాతం కచ్చితంగా 2 అని నమ్మేదెలా అని మీకు అనుమానం రావాలి. నిజానికి ఇంతకన్నా గట్టి రుజువు కూలుమ్ కంటే ముందే ఇంగ్లండ్‌లో హెన్రీ కావెండిష్ చేతిలో ఉంది. 1770లలోనే ఆయన లోహపు రేకు తొడిగిన ఒక గోళం చుట్టూ బోలు అర్ధగోళాలు రెండు మూసి, లోపలి గోళాన్నీ బయటి డొల్లనూ తీగతో కలిపి ఆవేశం ఇచ్చాడు. తీగ తీసేసి, డొల్ల విప్పి చూస్తే లోపలి గోళం మీద ఆవేశం లేదు. బలం దూరం వర్గానికి విలోమంగా ఉంటేనే ఇలా జరుగుతుంది. బోలు గోళం లోపల ఒక బిందువు నుంచి చూస్తే దగ్గరి గోడ భాగం చిన్నది, దూరపు గోడ భాగం పెద్దది. ఆ వైశాల్యం దూరం వర్గంతో పెరుగుతుంది, బలం అదే వర్గంతో తగ్గుతుంది, రెండూ కొట్టివేసుకుంటాయి. ఘాతం 2 నుంచి ఏ కొంచెం తప్పినా లోపల ఎంతో కొంత ఆవేశం చేరి తీరాలి. ఈ లెక్కన ఘాతంలో తేడా ఉంటే అది యాభయ్యో వంతుకు మించదని ఆయన తేల్చాడు. తేల్చి, కాగితాలు బీరువాలో పెట్టేసుకున్నాడు! 1879లో మాక్స్‌వెల్ వాటిని అచ్చు వేయించేదాకా లోకానికి పెద్దగా తెలియదు. సున్నా వస్తుందా రాదా అని చూసే ప్రయోగం కాబట్టి పరికరాలు మెరుగయ్యేకొద్దీ దీన్నే మళ్లీ మళ్లీ చేశారు. 1971 నాటి ప్రయోగంతో తేడా 10⁻¹⁵ కన్నా తక్కువని తేలింది. భౌతికశాస్త్రంలో ఇంత గట్టిగా పరీక్షకు నిలిచిన నియమాలు కొన్నే.

ఇప్పుడు ఆవేశం అంటే ఎంత ఆవేశం అన్న అంచనా కావాలి, అది లేకుండా కాగితం ముక్క అర్థం కాదు. ఆవేశాన్ని కొలిచే ప్రమాణానికి కూలుమ్ పేరే పెట్టారు. ఒక ఎలక్ట్రాన్ ఆవేశం పరిమాణం 1.602176634×10⁻¹⁹ కూలుమ్. 2019 నుంచి ఈ అంకెను నిర్వచనంగానే స్థిరపరిచారు. ఒక కూలుమ్ చాలా పెద్దది. ఒక్కో కూలుమ్ చొప్పున రెండు ఆవేశాలను మీటరు దూరంలో ఉంచగలిగితే వాటి మధ్య బలం 9×10⁹ న్యూటన్లు, అంటే సుమారు 9 లక్షల టన్నుల బరువంత. అక్కడే పిల్లలు అడుగుతారు: ఫోన్ బ్యాటరీ 5000 మిల్లీ ఆంపియర్ అవర్ అంటే 18,000 కూలుమ్‌లు కదా సార్, ఫోన్ ఎందుకు పేలిపోదు? అన్ని కూలుమ్‌లు బ్యాటరీ నుంచి తీగ గుండా ప్రవహిస్తాయి, నిజమే. కానీ ఒక కొస నుంచి ఎన్ని ఎలక్ట్రాన్లు బయటికి వస్తే ఇంకో కొస నుంచి అన్నీ లోపలికి వెళ్తాయి. ఎక్కడా మిగులు చేరదు. కూలుమ్ నియమంలో వేసే అంకె పోగుపడిన ఆవేశం, ప్రవహించిన ఆవేశం కాదు.

పోగుచేద్దామన్నా గాలి ఊరుకోదు. మామూలు గాలి మీటరుకు సుమారు 30 లక్షల వోల్టుల విద్యుత్ క్షేత్రం (అంటే ఒక్కో కూలుమ్ ఆవేశం మీద పడే బలం) దాకే ఓర్చుకుంటుంది, ఆ పైన స్పార్క్ వచ్చి ఆవేశం కారిపోతుంది. సెంటీమీటరు వ్యాసార్థం ఉన్న లోహపు గోళీ మీద ఈ లెక్కన పట్టేది సుమారు 33 నానో కూలుమ్‌లు. నానో అంటే వంద కోట్లలో ఒక వంతు. అలాంటి గోళీలు రెండు పది సెంటీమీటర్ల దూరంలో ఉంటే వాటి మధ్య బలం గ్రాములో పదో వంతు బరువంత. ఇంట్లో ఈ బలాలు కాగితం ముక్కలు, వెంట్రుకలు, దుమ్ము మీద తప్ప కనిపించకపోవడానికి కారణం ఇదే. అంతే కానీ బలం బలహీనమైనదని కాదు. హైడ్రోజన్ పరమాణువులో ప్రోటాన్‌కూ ఎలక్ట్రాన్‌కూ మధ్య విద్యుత్ బలం వాటి గురుత్వ బలానికి 2×10³⁹ రెట్లకు పైమాటే. కేంద్రకంలో ఫెమ్టోమీటరు (10⁻¹⁵ మీటరు) దూరంలో ఉన్న రెండు ప్రోటాన్లు ఒకదాన్నొకటి సుమారు 230 న్యూటన్లతో, అంటే పాతిక కిలోల బియ్యం బస్తా బరువుకు కొంచెం తక్కువగా నెట్టుకుంటాయి. రెండు ప్రోటాన్ల మధ్య అంత!

సరే, దువ్వెన. పది గ్రాముల ప్లాస్టిక్ దువ్వెనలో ప్రోటాన్లన్నీ కలిపితే సుమారు 5 లక్షల కూలుమ్‌ల ధనావేశం, ఎలక్ట్రాన్లలో అంతే ఋణావేశం. తల దువ్వాక దాని మీద చేరే మిగులు 10 నానో కూలుమ్‌లు అనుకుందాం, ఇంచుమించు 6,000 కోట్ల ఎలక్ట్రాన్లు. వినడానికి పెద్ద సంఖ్యే. దువ్వెనలో ఉన్న మొత్తంతో పోలిస్తే 50 లక్షల కోట్లలో ఒక వంతు. మనం "ఆవేశం ఉన్న వస్తువు" అనేది ఇంతటి చిన్న తేడా ఉన్న వస్తువునే.

ఆ దువ్వెనను చిన్న కాగితం ముక్కకు రెండు సెంటీమీటర్ల దగ్గరికి తెచ్చారు. ముక్కలోని ఎలక్ట్రాన్లన్నిటినీ దువ్వెన నెడుతుంది, కేంద్రకాలన్నిటినీ లాగుతుంది. రెండూ సమానమైతే ముక్క కదలకూడదు. కానీ ఆ నెట్టుడుకు ప్రతి అణువులోనూ ఎలక్ట్రాన్ల మబ్బు పిసరంత అవతలికి జరుగుతుంది. ఎంత జరుగుతుందో లెక్కవేస్తే నవ్వొస్తుంది: పరమాణువు వెడల్పులో పది లక్షల వంతు స్థాయి. కాగితంలో కాస్త తేమ ఉంటే కొంత ఆవేశం ముక్క ఈ అంచు నుంచి ఆ అంచుకు కూడా నడుస్తుంది, ప్రభావం ఇంకా పెరుగుతుంది. ఎలాగైనా ఫలితం ఒకటే. దువ్వెన వైపు ధనావేశం కొంచెం దగ్గరగా, ఋణావేశం కొంచెం దూరంగా. దగ్గరిదాన్ని లాగే బలం దూరపుదాన్ని నెట్టే బలం కన్నా కొద్దిగా ఎక్కువ. ఆ తేడాయే కాగితాన్ని లేపుతుంది. మీరు సూత్రంలో సున్నా పెట్టింది ముక్క మొత్తానికి. పెట్టాల్సింది లోపలున్న ఒక్కో ఆవేశాన్ని, ఒక్కోదానికీ దాని దూరంతో. అప్పుడు జవాబు సున్నా రాదు.

ఇక్కడో కిటుకు ఉంది. ఇలా లాగాలంటే క్షేత్రం ఉంటే చాలదు, అది చోటును బట్టి మారుతూ ఉండాలి. రెండు పెద్ద సమాంతర పలకల మధ్య క్షేత్రం అంతటా ఒకటే. అక్కడ మధ్యలో ఉంచిన తటస్థమైన ముక్కలో కూడా ఆవేశాలు జరుగుతాయి. కానీ ఇటు లాగుడు, అటు నెట్టుడు సరిసమానం కాబట్టి నికర బలం లేదు. దువ్వెన పళ్ల దగ్గర క్షేత్రం దూరంతో గబగబా పడిపోతుంది, అందుకే అక్కడ పని జరుగుతుంది.

ఆవేశాన్ని రెట్టింపు చేస్తే ఏమవుతుందన్న మీ మొదటి ప్రశ్నను ఇప్పుడు మళ్లీ అడగండి, జవాబు మారుతుంది. దువ్వెన మీద ఆవేశం రెట్టింపైతే కాగితంలో జరుగుడు రెట్టింపవుతుంది, ఆ జరిగిన ఆవేశాల మీద పడే బలం కూడా రెట్టింపవుతుంది. ఒక్క దువ్వెన మీదే మార్చినా బలం నాలుగింతలు. దూరం విషయంలో ఇంకా తమాషా. బిందు ఆవేశానికీ చిన్న తటస్థ వస్తువుకీ మధ్య బలం దూరం అయిదో ఘాతానికి విలోమంగా ఉంటుంది. జరుగుడు దూరం వర్గంతో తగ్గుతుంది, క్షేత్రం మారే రేటు ఘనంతో తగ్గుతుంది, రెండూ గుణిస్తే ఘాతాలు రెండూ మూడూ కలిసి అయిదు. అంటే దూరం సగమైతే బలం 32 రెట్లు. దువ్వెన అసలు బిందువు కాదు కాబట్టి అంకె సరిగ్గా ఇదే రాదు, పోకడ మాత్రం ఇదే. దువ్వెనను మెల్లగా దించుతూ ఉంటే చాలాసేపు ఏమీ జరగకుండా, ఒక్కసారిగా ముక్క ఎగిరి అతుక్కునేది ఇందుకే.

అతుక్కున్నాక ఆగి చూడండి, ఎవరూ చూడరు. కొన్ని ముక్కలు ఒకటి రెండు క్షణాలుండి, ఎవరో విసిరికొట్టినట్టు దూరంగా ఎగిరిపోతాయి. తాకినప్పుడు దువ్వెన మీది ఆవేశం కొంత తేమ ఉన్న కాగితంలోకి పాకింది, ఇద్దరి మీదా ఒకే రకం ఆవేశం చేరింది, ఇప్పుడు వికర్షణ. అదే థర్మోకోల్ పూసలతో చేస్తే చాలావరకు అలాగే పట్టుకుని ఉంటాయి, వాటిలోకి ఆవేశం అంత తేలిగ్గా పాకదు. నూనె రాసిన జుట్టుతో ఈ ప్రయోగం చేయకండి. కాకినాడ, విశాఖ లాంటి చోట్ల ఉక్కపోత రోజుల్లో కూడా చాలాసార్లు పనిచేయదు, వస్తువుల మీద పట్టిన తేమ పొర గుండా ఆవేశం కారిపోతుంది. డిసెంబరు, జనవరి నెలల్లో హైదరాబాద్ పొడి గాలిలో అయితే అడగక్కర్లేదు.

ఆకర్షణ కనిపించినంత మాత్రాన రెండు వస్తువులకీ ఆవేశం ఉందనడానికి లేదని ఈపాటికి అర్థమై ఉంటుంది. ఒకదానికి ఉంటే చాలు. అందుకే పుస్తకాల్లో ఆవేశానికి నమ్మదగిన పరీక్ష వికర్షణ అంటారు. దీన్ని సెల్లోటేపుతో ఇంట్లోనే చూడొచ్చు. బల్ల మీద ఒక టేపు పట్టీ అతికించి, దాని మీద జానెడు ముక్క ఇంకోటి అతికించండి. కొసను కొంచెం మడిచి పట్టుకుని, పై ముక్కను సర్రున లాగండి. అలాగే ఇంకో ముక్క తయారు చేసి, రెండింటి నున్నటి వైపులను ఎదురెదురుగా తెండి. కిందికి వేలాడాల్సిన టేపులు చెరోవైపుకు వంగి తప్పుకుంటాయి. ఇప్పుడు రెండు ముక్కలను ఒకదాని మీద ఒకటి అతికించి, జంటను వేలితో ఒకసారి మెల్లగా నిమిరి, విడదీయండి. ఈసారి అవి ఒకదానికొకటి చుట్టుకుంటాయి, ఒకదాని మీంచి పోయిన ఆవేశమే రెండోదాని మీదికి చేరింది కాబట్టి. ఏ ముక్కను మీ చేతి దగ్గరికి తెచ్చినా చేతికే అంటుకోవాలని చూస్తుంది. మీ చెయ్యి మాత్రం మొదటి నుంచీ తటస్థమే.

చివరిగా, పుస్తకంలో లేనిది ఒకటి. సజాతి ఆవేశాలు వికర్షిస్తాయి అన్నది బిందు ఆవేశాలకు ఎప్పుడూ నిజం. వస్తువులకు కాదు! రెండు లోహపు గోళాల మీదా ధనావేశమే ఉండి, ఒకదాని మీద బాగా ఎక్కువా ఇంకోదాని మీద తక్కువా ఉంటే, చాలా దగ్గరికి తెచ్చినప్పుడు అవి ఆకర్షించుకుంటాయి. పెద్ద ఆవేశం ధాటికి రెండో గోళం మీది ధనావేశం అవతలి ముఖానికి పారిపోతుంది, ఇవతలి ముఖం మీద ఋణావేశం తేలుతుంది, కాగితం కథే మళ్లీ. ఇది 19వ శతాబ్దంలోనే కెల్విన్‌కు తెలుసు. 2012లో జాన్ లెక్నర్ అనే భౌతికశాస్త్రవేత్త దీన్ని పూర్తిగా లెక్కగట్టి, గోళాలు తాకినప్పుడు ఆవేశం పంచుకునే నిష్పత్తి ఒక్కటి తప్ప మిగతా అన్ని నిష్పత్తుల్లోనూ అతి దగ్గర్లో ఆకర్షణే ఉంటుందని చూపించాడు.

పోటీ పరీక్షల్లో తరచూ ఇచ్చే లెక్క ఒకటుంది. ఒకే సైజు చిన్న గోళాలు రెండు, ఒకదాని మీద +6, ఇంకోదాని మీద −2 మైక్రో కూలుమ్‌లు. తాకించి, మళ్లీ అదే దూరంలో పెడితే బలం ఎంత? మొత్తం +4, చెరి సగం +2. లబ్ధం పరిమాణం 12 నుంచి 4కి తగ్గింది, కాబట్టి బలం మూడో వంతు, ఆకర్షణ కాస్తా వికర్షణ అయింది. ఒకే సైజు గోళాలు తాకి విడిపోయాయి కాబట్టి ఇది సరిగ్గా లెక్నర్ చెప్పిన ఆ ఒక్క మినహాయింపు. ఆ తర్వాత ఎంత దగ్గరికి తెచ్చినా అవి నెట్టుకుంటూనే ఉంటాయి. లబ్ధం 12 అనో 4 అనో సూత్రంలో వేయడం మాత్రం గోళాల సైజు కన్నా దూరం బాగా ఎక్కువగా ఉంటేనే చెల్లుతుంది. ప్రశ్నలో "చిన్న గోళాలు" అని రాసేది అందుకే.